గోంగూర పూల జామ్, లింజ్ బిస్కెట్లు, చెన్నై ఉక్క

డిసెంబరు 18 రాత్రి పదకొండు గంటలకి మా పడకగదిలో ఏసీ 18 మీద తిరుగుతోంది. మా ఆయన మెడ దాకా దుప్పటి లాక్కుని పడుకున్నాడు. మంచం పక్కన పాప చదువుకునే బల్ల మీద గ్రానైట్ పలక వేసుకుని నేను పిండి వత్తుతున్నాను. "పెళ్ళయిన పన్నెండేళ్ళలో ఈ గదిలో అప్పడాల కర్ర చప్పుడు వినడం ఇదే మొదటిసారి" అన్నాడు దుప్పట్లోంచి. నవ్వే ఓపిక కూడా లేదు నాకు. అప్పటికి ఒక విడత మొత్తం పాడైంది. చర్చి నుంచి క్యారల్స్ వాళ్ళు 22 రాత్రి మా ఇంటికి వస్తారు. ముప్పై అయిదు మంది. ఈసారి ఓవెన్‌లో ఏదో కొత్తది చేస్తానని నవంబరులోనే నోరు జారాను.

మాది కావలి దగ్గర పల్లె. ఉండేది చెన్నై పెరంబూరులో. క్రిస్మస్ అంటే మా ఇంట్లో గులాబీ పువ్వులు, అరిసెలు, కారప్పూస. గులాబీ పువ్వుల అచ్చు మా అత్తయ్య పుట్టింటి నుంచి తెచ్చుకున్నది, దాన్ని నేను తాకితే పిండి అంటుకుపోతుందని ఆవిడ నమ్మకం. కాబట్టి ఆ పొయ్యి దగ్గర నాకు ఉద్యోగం లేదు. లాక్‌డౌన్‌లో కొన్న ఓటీజీ, అంటే బల్ల మీద పెట్టుకునే చిన్న కరెంటు ఓవెన్, ఉంది కదా, అది నాదీ అనుకున్నాను.

ఇక ఈ బిస్కెట్ల మాట. ఆస్ట్రియాలో డాన్యూబ్ నది ఒడ్డున లింజ్ అనే ఊరుంది. బాదం పొడో, హేజెల్‌నట్ పొడో కలిపిన వెన్న పిండి మీద ఎర్రటి జామ్ పరిచి, పైన అల్లికలా పిండి పట్టీలు వేసి కాల్చే లింజర్ టార్ట్ ఆ ఊరి పేరు మీద వచ్చిందే. 1653 నాటి చేతిరాత వంటల పుస్తకంలోనే దాని తయారీ ఉంది. అదే పిండిని పల్చగా వత్తి, గుండ్రంగా కోసి, రెండు బిల్లల మధ్య జామ్ పెడితే లింజర్ బిస్కెట్టు. పై బిల్లకి చిల్లులుంటాయి, లోపలి ఎరుపు కనబడేలా. అందుకే అక్కడి వాళ్ళు వీటిని లింజ్ కళ్ళు అంటారు. మా ఆడపడుచు కూతురు మ్యూనిక్‌లో చదువుతోంది. రెండేళ్ళ కిందట వచ్చినప్పుడు ఒక డబ్బా తెచ్చింది. అత్తయ్య ఒకటి చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, "కజ్జికాయకి కిటికీ పెట్టారే!" అంది. అప్పుడే అనుకున్నాను, ఎప్పటికైనా ఇవి చేయాలని.

మొదటి ప్రయత్నం 14వ తేదీ, ఆదివారం. కొలతలన్నీ పక్కాగా తూచాను. మైదా 250 గ్రాములు, బాదం పొడి 100, ఉప్పు లేని వెన్న 200, పంచదార పొడి 100, గుడ్డు పచ్చసొన ఒకటి, అర చెంచా దాల్చినచెక్క పొడి, ఒక నిమ్మకాయ తొక్క తురుము, చిటికెడు ఉప్పు. వెన్న గది వేడిమిలో మెత్తబడాలి అని అన్ని చోట్లా రాసి ఉంటుంది. ఎవరి గది? రాసినవాళ్ళ వంటగదిలో డిసెంబరులో 20 డిగ్రీలు ఉంటుందేమో. మా వంటగదిలో మధ్యాహ్నం 29, ఓటీజీ వెలిగించాక ఇంకా ఎక్కువ. గంటసేపు బయట పెట్టిన వెన్న గిన్నె అంచుల్లో నెయ్యిలా కారుతోంది. వెన్నలో పంచదార వేసి గిలకొట్టేది అందులోకి సన్నటి గాలి బుడగలు ఎక్కడానికి. కరిగిన వెన్న గాలిని పట్టుకోదు. ఆ సంగతి తర్వాత అర్థమైంది. అప్పటికి మాత్రం, భలే మెత్తగా ఉంది అని మురిసిపోయాను.

బాదం పప్పు దగ్గర రెండో తప్పు. మెత్తగా రావాలని మిక్సీ ఆపకుండా తిప్పాను. జార్ వేడెక్కి పప్పులో నూనె బయటికొచ్చి, పొడి కాస్తా ముద్దయింది. ఆ నూనె, ఈ కరిగిన వెన్న కలిసి పిండి ముద్ద చేతికి జిడ్డుగా, చలిమిడిలా తగిలింది. అయినా మొండిగా వత్తి, కోసి, చిల్లులు పెట్టి ట్రేలో పెట్టాను. పది నిమిషాలకి గాజు తలుపులోంచి చూస్తే బిల్లలన్నీ కరిగి పక్కవాటిని వాటేసుకున్నాయి. చిల్లులు పూడిపోయాయి. లింజ్ కళ్ళు మూసుకున్నాయన్నమాట.

అత్తయ్య వచ్చి ఒక ముక్క విరిచి నోట్లో వేసుకుంది. "రుచి బానే ఉండాది. వెన్న ఎక్కువైంది అమ్మాయ్. జంతికల్లో వెన్న ఎక్కువైతే నూనెలో పడంగానే విడిపోవూ, అట్టానే ఇదీ" అంది. వెన్న ఎక్కువ కాలేదు, వెన్న కరిగింది. కానీ ఆవిడ చెప్పినదాంట్లో అసలు సంగతి ఉంది. జంతికల పిండిలో వెన్నో, కాచిన నూనో పోసేది గుల్లగా రావడానికే కదా. కొవ్వు పిండి రేణువుల చుట్టూ పట్టుకుని నీటిని లోపలికి పోనివ్వదు, మైదా అయితే అందులో జిగురు సాగదు, విరిస్తే గుల్ల విచ్చుతుంది. ఈ బిస్కెట్టుదీ అదే సూత్రం. తేడా ఒక్కటే. జంతిక నూనెలో పడగానే గట్టిపడుతుంది. దీనికి ఆ వీలు లేదు. ఓవెన్‌లో వెన్న కరిగి పారేలోపు అంచులు గట్టిపడాలి. అంటే లోపలికి పోయేటప్పుడు బిళ్ళ రాయిలా చల్లగా ఉండాలి.

అందుకే ఏసీ గది.

రెండో విడత పిండి కలిపే ముందు వెన్నని ఫ్రిజ్జులోంచి తీసి ముక్కలు కోసి పదిహేను నిమిషాలే బయట ఉంచాను. వేలితో నొక్కితే సొట్ట పడాలి, వేలు జారకూడదు. బాదం పప్పులో కొలతలోని పంచదార సగం వేసి, మిక్సీని ఆపి ఆపి తిప్పాను. పంచదార నూనెని పీల్చుకుంటుంది కాబట్టి పొడి పొడిగా వచ్చింది. తొక్క తీయలేదు. గోధుమరంగు చుక్కలు అందంగా ఉంటాయి, పైగా అరవై లింజ్ కళ్ళకి సరిపడా బాదం తొక్కలు వలిచే తీరిక ఎవరికుంది. మైదా వేశాక మాత్రం ఎక్కువ పిసకలేదు. ముద్ద దగ్గరికి రాగానే ఆపి, రెండు బటర్ పేపర్ల మధ్య పెట్టి అక్కడికక్కడే 3 మిల్లీమీటర్ల మందాన వత్తేసి, ఆ పళంగా పళ్ళెం మీద ఫ్రిజ్జులో పెట్టాను. ఇది నేను కనిపెట్టింది కాదు గానీ, చెన్నైలో చేసేవాళ్ళకి నా తరఫున గట్టిగా చెప్పేది ఇదొక్కటే. ముద్దని చల్లబరిచి తర్వాత వత్తబోతే అది మెత్తబడేదాకా కర్రతో కుస్తీ, మెత్తబడ్డాక వత్తే లోపు కరగడం. ముందే వత్తి చల్లబరిస్తే ఆ బాధ లేదు, పొడి పిండి చల్లే పనీ లేదు. "పురిటిబిడ్డని చుట్టినట్టు చుట్టి ఫ్రిజ్జులో పెడతన్నావేంది" అని అత్తయ్య దీర్ఘం తీసింది.

కోసే అచ్చులు పారిస్ సందుల్లో కొన్నాను. పారిస్ అంటే మన చెన్నై బజారు పారిస్ కార్నర్. గుండ్రటివి ఆరు సైజులు ఒక డబ్బాలో వచ్చాయి. చిల్లుకి తగినంత చిన్నది అందులో లేకపోతే ఐసింగ్ నాజిల్‌ని తిరగేసి వెనకవైపుతో కోశాను. మూడు చిల్లులు పెట్టాలని మొదట ఆశ. రెండు పెట్టేసరికి బిళ్ళ చిరిగింది. ఒకటే చాల్లే అనుకున్నాను. పాప మాత్రం ఒక పది బిళ్ళలకి స్ట్రాతో మూడేసి పెట్టి, "ఇవి నావి, ఎవరికీ ఇవ్వొద్దు" అని పక్కన పెట్టుకుంది.

జామ్ కథ వేరు. లింజ్‌లో వేసేది రెడ్ కరెంట్ అనే పుల్లటి ఎర్ర పండ్ల జామ్. అది ఇక్కడ దొరకదు. షాపులో మిక్స్‌డ్ ఫ్రూట్ జామ్ తెచ్చి ఒక బిస్కెట్టులో పెట్టి చూశాను. తీపి మీద తీపి, మొహం మొత్తింది. ఇంతలో కావలి నుంచి మా చిన్న మావయ్య రైల్లో వస్తూ రెండు కిలోల గోంగూర పూలు తెచ్చాడు, అత్తయ్య పచ్చడికి. పూలు అంటాం గానీ నిజానికి అవి పూలు కావు. పువ్వు రాలిపోయాక కాయని చుట్టుకుని ఉండే ఎర్రటి, కండగల రేకులు. ఒకటి నమిలాను. ఆ పులుపు, ఆ రంగు! వెతుకుతున్నది సంచిలో పెట్టుకుని మావయ్యే వచ్చాడనిపించింది.

"అత్తయ్యా, ఒక కిలో నాకివ్వండి."

"దేనికి?"

"జామ్ చేస్తా."

"గోంగూరతో జామా? దేవుడా!" అని పక్కింటికి వినబడేలా అంది. అరగంట బేరం తర్వాత కిలో వచ్చింది, వలిచే పనితో సహా ఆవిడే వచ్చి కూర్చుంది. తొడిమ దగ్గర కత్తితో చుట్టూ గాటు పెట్టి నొక్కితే లోపలి కాయ ఊడి వస్తుంది. కిలో వలిచేసరికి రేకులు సగమే మిగిలాయి, ఇద్దరి వేళ్ళూ కుంకుమ పెట్టినట్టయ్యాయి. కాయల్ని పారేయబోతుంటే ఆపాను. జామ్ బిగుసుకోవడానికి కావలసిన పెక్టిన్ అనే జిగురు వాటిలో బాగా ఉంటుంది. కాయల్ని మునిగేటన్ని నీళ్ళలో ఇరవై నిమిషాలు ఉడికించి వడకడితే బంక బంకగా నీళ్ళు దిగాయి. ఆ నీళ్ళలోనే రేకులు ఉడికించి, మెత్తగా మెదిపి, వాటి బరువుకి సమానంగా పంచదార వేశాను. గోంగూరలో పులుపు ఎలాగూ ఉంది కాబట్టి నిమ్మరసం అక్కర్లేదు. పులుపు, పంచదార, పెక్టిన్ మూడూ కుదిరితే అదే బిగుస్తుంది.

ఎప్పుడు దించాలన్నది మా ఇద్దరికీ గొడవ. థర్మామీటర్ 104, 105 డిగ్రీలు చూపితే చాలని నేను. పళ్ళెంలో నీళ్ళు పోసి, అందులో చుక్క వేసి, వేళ్ళతో ఉండ కట్టాల్సిందేనని ఆవిడ. అరిసెల పాకానికి అదే పరీక్ష మరి. నేను చిన్నదాన్ని స్కూల్ బస్సు దగ్గర నుంచి తీసుకురావడానికి కిందికి దిగి వచ్చేసరికి ఆవిడ ఉండ కట్టించేసింది. చల్లారాక అది జామ్ కాదు, గోంగూర జీడి. చెంచా నిలబడిపోయింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. "వేణ్ణీళ్ళు పోసి మళ్ళీ కాగబెట్టు, పోయిందేముంది" అంది తాపీగా. నిజంగానే పోయిందేమీ లేదు. పావు గ్లాసు వేడినీళ్ళు పోసి సన్న మంట మీద కరిగించి, ఈసారి చల్లటి పళ్ళెం మీద చుక్క వేసి వేలితో తోస్తే ముడత పడిందని చూసుకుని దించాను. పారిపోయే జామ్ కన్నా కాస్త ముదిరిన జామే ఈ బిస్కెట్టుకి నయం. పల్చగా ఉంటే తడి మొత్తం బిళ్ళలోకి దిగుతుంది.

కాల్చడం 20, 21 తేదీల్లో. ఓటీజీలో పెట్టే చిన్న థర్మామీటర్ ఒకటి కొన్నాక తెలిసింది, నాబ్ 170 అంటే లోపల 190 ఉంటోందని. మొదటి విడత పాడవడంలో దాని వాటా ఎంతో! నాబ్ 150 దగ్గర పెడితే నాకు కావలసిన 170 వచ్చింది. కోసిన బిళ్ళల్ని ట్రేతో సహా పదిహేను నిమిషాలు ఫ్రీజర్‌లో ఉంచి, నేరుగా ఓవెన్‌లోకి. ట్రే పట్టడానికి ఫ్రీజర్‌లో చేపల పొట్లాలన్నీ ఖాళీ చేయాల్సొచ్చింది, ఆ రెండు రోజులూ మధ్యాహ్నం, రాత్రి చేపల పులుసే. పన్నెండు నిమిషాలకి అంచు మాత్రం లేత గోధుమరంగు తిరగాలి. నడుమ ఇంకా మెత్తగానే ఉంటుంది, కాలలేదని భయపడి ఇంకో అయిదు నిమిషాలు ఉంచితే పోయినట్టే. చల్లారాక గట్టిపడతాయి. చిల్లున్న బిళ్ళలు చిల్లు లేనివాటికంటే రెండు నిమిషాలు ముందే అయిపోతాయి, నడుమ పిండి లేదు కదా. రెండూ ఒకే ట్రేలో కలిపి పెట్టి మొదటి ట్రేలో పైబిళ్ళలన్నీ మాడ్చుకున్నాక నేర్చుకున్న సంగతి ఇది.

21 సాయంత్రం ముసురు పట్టింది. ఈశాన్య రుతుపవనాల వాన ఊళ్ళోకి వస్తే క్రిస్మస్ అని చూడదు కదా. ఆఖరి ట్రే లోపల పెట్టిన ఆరో నిమిషంలో కరెంటు పోయింది. మా ఇన్వర్టర్ ఓటీజీని లాగదు. తలుపు తెరవాలా, మూసి ఉంచాలా? మూసే ఉంచాను. ఉన్న వేడికి బిళ్ళలు కాలలేదు, వెన్న మాత్రం కరిగి అంచులు పల్చబడ్డాయి. నలభై నిమిషాల తర్వాత కరెంటు వచ్చాక మళ్ళీ కాల్చాను. ఆ ఇరవైనాలుగూ చూడ్డానికి అప్పడాల్లా ఉన్నాయి, తినడానికి మాత్రం అన్నిటికంటే కరకరలాడాయి. వాటిని మా ఆయన ఆఫీసుకి పట్టుకెళ్ళి, ఇదే అసలు పద్ధతని చెప్పి పంచాడట.

వానతో ఇంకో చిక్కు. చెన్నైలో డిసెంబరు గాలిలో చెమ్మ ఎంతంటే, పళ్ళెంలో పెట్టి మరిచిన కారప్పూస రెండు గంటల్లో మెత్తబడుతుంది. కాబట్టి చల్లారిన బిళ్ళలన్నీ స్టీలు డబ్బాల్లో, మూత బిగించి. జామ్ పెట్టడం 22 సాయంత్రమే. డబ్బా తీసి చూస్తే పై వరుస కాస్త మెత్తబడింది. వాటిని 150 దగ్గర అయిదు నిమిషాలు వేడి చేసి ఆరబెడితే మళ్ళీ గుల్ల వచ్చింది.

ఇక కూర్చడం. చిల్లు బిళ్ళలన్నీ కాగితం మీద పరిచి టీ జల్లెడతో పంచదార పొడి చల్లాలి, జామ్ తర్వాతే. ముందే జామ్ పెట్టి పొడి చల్లితే ఎర్రటి కన్ను మీద తెల్ల పొర పడుతుంది. కింది బిళ్ళ వెనక్కి తిప్పి మధ్యలో అర చెంచా జామ్, పైన చిల్లు బిళ్ళ పెట్టి మెల్లగా నొక్కితే చిల్లులోకి ఎరుపు ఉబికి వస్తుంది. ఆ క్షణం కోసమే ఇదంతా చేశానేమో అనిపించింది, నిజంగా. పాప అరవై దాకా లెక్కపెట్టింది. ఇంట్లో పొడి చేసిన పంచదార మాత్రం గంటకే చెమ్మకి మాయమైంది. కార్న్‌ఫ్లోర్ కలిపిన షాపు ఐసింగ్ షుగర్ అయితే ఇంకాసేపు నిలిచేది. క్యారల్స్ వాళ్ళు మెట్లెక్కుతుంటే ఇంకోసారి చల్లాను, పెళ్ళికూతురికి చివరి నిమిషంలో పౌడర్ అద్దినట్టు.

రాత్రి పన్నెండున్నరకి వచ్చారు, గిటారు, తబలా, తడిసిన గొడుగులు. రెండు పాటలు, పాస్టర్‌గారి ప్రార్థన, తర్వాత పళ్ళేలు. నిజం చెప్పాలి. ముందు ఖాళీ అయింది అత్తయ్య గులాబీ పువ్వుల పళ్ళెం. కుర్రాళ్ళు మాత్రం నావి చేతుల్లోకి తీసుకుని ఫొటోలు దిగారు. బేస్ గొంతుతో పాడే ఒక పెద్దాయన కళ్ళు మూసుకుని నమిలి, "ఏంటమ్మా లోపల, చెర్రీనా?" అన్నాడు. గోంగూర అని అత్తయ్య చెప్పింది, అదేదో తన సొంత ఆలోచన అయినట్టు. గది అంతా నవ్వులు. ఆయన ఇంకో రెండు తీసుకున్నాడు.

మర్నాడు పొద్దున ఎదురింటి ఆంగ్లో ఇండియన్ ఆంటీకి ఒక పళ్ళెం ఇచ్చాను. వాళ్ళింట్లోనూ గులాబీ పువ్వులే, ఆవిడ వాటిని రోజ్ కుక్కీస్ అంటుంది. అచ్చు కూడా మా అత్తయ్యదానిలాంటిదే. సాయంత్రానికి మా పళ్ళెం నిండా కల్‌కల్స్‌తో, అంటే గవ్వల్లాంటి తీపి పిండివంటతో, తిరిగొచ్చింది. పక్కనే చీటీ, మెత్తబడ్డాక ఇంకా బాగున్నాయని.

ఆ మాట మీద అత్తయ్యకీ నాకూ ఇప్పటికీ పేచీ. ఆస్ట్రియాలో వీటిని జామ్ పెట్టి ఒకటి రెండు రోజులు ఉంచే తింటారట, బిళ్ళ మెత్తబడి జామ్‌తో కలిసిపోవాలని. నాకూ రెండో రోజువే నచ్చాయి. అత్తయ్య ఒప్పుకోలేదు. "పిండివంట అన్నాక కరకరమనాల. మెత్తబడింది అంటే పాడైందనే" అని ఖండితంగా చెప్పింది, అందరి ముందూ.

26 ఉదయం కాఫీ పొడి కోసం పై అర వెతుకుతుంటే వెనకాల పాత హార్లిక్స్ సీసా కనబడింది. అందులో తొమ్మిది లింజ్ బిస్కెట్లు, మెత్తగా, జామ్ ఊరి. మూతకి గుడ్డ కూడా కట్టి ఉంది. సీసాని ఎక్కడిదక్కడే పెట్టి కాఫీ కలిపాను.